జీపు గెడ్డ దాకే

సాలూరు,
కార్తీక మాసం, 1968.

చి.ల.సౌ. నీలవేణికి,

నేను ఇక్కడ క్షేమంగానే ఉన్నాను. నువ్వూ, బాబూ, అత్తా, మావా అక్కడ బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. ఈసారి జవాబు పోస్టులో వెయ్యలేదు. మిషన్ ఆస్పత్రి నర్సు లీలారాణి గారు సెలవుకి శ్రీకాకుళం వెళ్తుంటే ఆవిడ చేతికిచ్చాను. శ్రీకూర్మం దాకా వచ్చి నీ చేతిలోనే పెట్టమన్నాను. నువ్వు చదివినంతసేపూ పక్కనే కూర్చోమన్నాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

నువ్వడిగినవన్నీ చెప్తాను. "సోములు ఎందుకు రాడు, ఒక కార్డు ముక్కయినా ఎందుకు రాయడు, ఆడికి ఏటొచ్చింది" అని నీ తమ్ముడి గురించి మళ్లీ మళ్లీ అడిగావు. దానికీ జవాబు రాస్తాను, కాని ఆఖర్న. దాటేసి చివరికి వెళ్లకు. నేను రాసిన వరసలోనే చదువు.

ఇల్లు బాగానే ఉంది. పెరట్లో ఆనపపాదు కాసింది. వంటలో ఉప్పు సరిగ్గా వేసుకుంటున్నావా అని అడిగావు. వెటకారం కాదు గాని, నాకు తెలియటం లేదు. మొన్న కూరలో రెండుసార్లు వేశానట. పక్కింటి సుభద్రమ్మ గారు రుచి చూసి, "ఇదేటి బాబూ, సముద్రాన్ని ఉడకేసినావా" అని ఊసేసింది. నేను అప్పటికే ఆ కూరతో అన్నం తినేసి ఉన్నాను.

ఉద్యోగం మారలేదు. మలేరియా జీపు ఇంకా నా చేతిలోనే ఉంది. వానలకి కొండదారి కోసుకుపోయింది. పెళ్లయిన కొత్తలో ఆ దారి చూస్తానని సరదాపడి ఎక్కి, నడుం విరిగిందని, దీనికంటే ఎడ్లబండి నయమని దారంతా తిట్టావు. ఇప్పుడు చూస్తే ఆ రోజుది తారురోడ్డంటావు. రాయి మీదికి ఒక చక్రం ఎక్కించి, అది దిగేలోగా రెండోదాన్ని గాట్లోంచి లాగాలి. వెదురుకొమ్మలు మొహాన కొడుతుంటాయి. మొన్న కమాను పట్టీ విరిగితే తాడుతో కట్టి దించుకొచ్చాను. ఎంత తంటాలు పడ్డా జీపు గెడ్డ దాకే. ఆ వాగుకి అవతల కాలిబాట. మందు కొట్టేవాళ్లు, జ్వరం మనుషుల నెత్తురు చుక్క తీసుకొచ్చేవాళ్లు సామాన్లు మోసుకుంటూ గెడ్డ దాటి కొండెక్కుతారు. నేను బండి దగ్గర కూర్చుంటాను.

వాళ్లు దిగే వేళకి మంచు కమ్మితే బండి ఎటుందో పైవాళ్లకి తెలియదు. అందుకని నేను ఆగి ఆగి హారన్ కొట్టాలి. ఆ మోత పట్టుకుని దిగుతారు. వాళ్లతో పనికెళ్లే సోములైతే హారన్ వినగానే "ఓ బావా" అని పైనుంచి కేకేసేవాడు. ఒకసారి నాకు కునుకు పట్టింది. వాడు దారి తప్పి, అవతలి లోయలోకి దిగి, చుట్టూ తిరిగి వచ్చాడు. "మా యక్కనిచ్చినాం, సాలదా బావా? నన్ను పులికి కూడా ఇచ్చేస్తావేటి?" అని నన్ను తట్టి లేపాడు. ఆ తర్వాత నేనెప్పుడూ అక్కడ నిద్రపోలేదు.

ఇక మీ ఇంటి సంగతులు. అత్తకి కళ్లకలక ఎంతకీ తగ్గటం లేదని రాశావు. బాబు బారసాలకి చుట్టాలనెవర్నీ పిలవలేదని, దీపావళికి దివిటీలు కూడా కొట్టలేదని, అడిగితే పొగ పసివాడికి పడదని మావ అన్నాడని రాశావు. నీకు అనుమానం వచ్చే ఉంటుంది. వచ్చినదాన్ని పక్కకి నెట్టేసి, కోపమంతా తమ్ముడి మీద పెట్టావు. పై నెల బాబుకి చెవులు కుట్టించాలి, మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి, "ఆ రోజుకి కూడా రాకపోతే ఆడు నాకు సచ్చినోడి కిందే లెక్క" అని రాశావు.

ఆ మాట దగ్గర ఆగిపోయాను నీలా. ఉత్తరం మడిచి పెట్టేసి, మళ్లీ తీసి, మళ్లీ అదే చదివాను.

సోములు లేడు. భాద్రపదంలో, బాబు పుట్టిన వారానికే పోయాడు.

ఆ రోజు కూడా హారన్ కొడుతూనే ఉన్నాను. వాడి కేక రాలేదు. మంచులోంచి కొండవాళ్లు దిగారు. దుప్పటిని వెదురుకి కట్టి డోలీ చేసి వాణ్ణి మోసుకొచ్చారు. రక్తపింజరి కరిచింది, మడమ మీద. వాడితో వెళ్లిన నూకయ్య జీపు వెనక కూర్చుని వాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. వేగంగా పోనిస్తే కుదుపుకి మూలుగుతున్నాడు. మెల్లగా పోనిస్తే ఆస్పత్రికి చేరం. "పోనీ బావా, నొప్పి నాకు గాని బండికి కాదు" అన్నాడు. పోనిచ్చాను.

సగం ఘాటీ దిగాక మళ్లీ పిలిచాడు. "అక్కకి సెప్పకు బావా. పచ్చి బాలింత, పాలెండిపోతాయి. తగ్గినాక నేనే వచ్చి సెప్తాను" అన్నాడు. సరే అన్నాను. సాలూరు మొదట్లో లారీలు ఆగే చోటికి వచ్చేసరికి, "ఇంక మెల్లగా పోనీ అన్నా" అన్నాడు నూకయ్య. నాకు అర్థమైంది. అయినా ఆస్పత్రి దాకా అదే వేగంతో పోనిచ్చాను. ఆ రోజు అక్కడున్నది లీలారాణి గారే.

మావ వచ్చి ఏటి ఒడ్డున జరపవలసింది జరిపాడు. బాలింతకి చావు కబురు చెప్పకూడదని పెద్దలు అన్నారు. వాడన్నదీ అదేనని నేనే వాళ్లకి చెప్పాను. దాంతో అందరి నోళ్లూ కట్టేసినట్టయింది. సోములు కొండ మీద క్యాంపులో ఉన్నాడని నీకు ఉత్తరాలు రాసింది నేనే. అత్తది కలక కాదు. నీ ముందు ఏడవలేక పశువుల సాలలోకి పోయి ఏడుస్తోంది. వాళ్లని ఏమీ అనకు. బాబుకి పాలు తగ్గకూడదనే ఇదంతా చేశారు.

చెప్పొద్దని వాడన్నది బతుకుతాననుకుని. తనే వచ్చి చెప్తానన్నాడు. రాలేడు కాబట్టి ఆ పని నాకు పడింది. నువ్వు తెలియక ఒక మాటన్నావు. వాడు వినుంటే నవ్వేవాడే, దానికి బాధపడకు. ఇంకా దాచిపెడితే నువ్వు రోజూ తిడతావు. తెలిసిన రోజున అవన్నీ వచ్చి నీ మీద పడతాయి. అది నాకిష్టం లేదు. పాల సంగతి లీలారాణి గారిని అడిగాను. ఎంత దుఃఖమొచ్చినా పిల్లాణ్ణి రొమ్ము దగ్గర్నించి తియ్యకపోతే పాలు పోవు అంది. బాబుని పక్కనే ఉంచుకో. చెవులు కుట్టించడం ఎప్పుడు, ఎవరి ఒళ్లో అన్నది ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం.

నాకు ఏడుపు రాలేదు నీలా. ఆ రోజూ రాలేదు, ఇప్పటి దాకా రాలేదు. మర్నాడు జీపు కడిగాను. వాడి చోట కొత్తవాడు ఎక్కితే ఎక్కించుకున్నాను. గెడ్డ దగ్గర హారన్ కొడతాను, ఎవరో దిగుతారు, తీసుకొస్తాను. తింటున్నాను, పడుకుంటున్నాను. లోపల ఏదీ కదలటం లేదు. జగన్నాధం గుండె రాయి అని ఇక్కడ మెచ్చుకుంటున్నారు. రాయీ కాదు, ఏమీ కాదు. నీకు తెలియకుండా నీ తమ్ముడి కోసం ఏడవడం నాకు చేతకాలేదు.

ఆదివారం పొద్దుటి బస్సుకి వస్తున్నాను. నేనొచ్చేదాకా ఆపుకోకు, ఇప్పుడే ఏడువు. నేనొచ్చాక మాత్రం నా పక్కన కూర్చుని ఇంకొక్కసారి ఏడువు. నిన్ను చూస్తే నాకూ వస్తుందేమో.

ఇట్లు,
నీ భర్త, సోములుకి బావ,
జగన్నాధం