చెయ్యి ఊపితే వెనక్కు నడిచిన పిల్ల గురించి

రాయపూర్,
17-9-1953.

మహారాజశ్రీ జిల్లా పాఠశాలల ఇన్‌స్పెక్టరు దొరవారి సముఖమునకు,

రైల్వే యార్డులో బండ్లకు పట్టాలు మార్చు పాయింట్సుమన్ పని చేయుచున్న మజ్జి పరదేశి అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా కుమార్తె గంగాభవాని (వయస్సు తొమ్మిది సంవత్సరముల పదకొండు నెలలు) పేరునకు ఎదురుగా మా కాలనీ బడి రిజిస్టరులో వ్రాసిన "మందబుద్ధి" అను మాట కొట్టివేయించి, "చెవిటి" అని వ్రాయించుట గురించి.

ఇదివరలో తమ ఆఫీసుకు రెండు అర్జీలు పంపుకొనియున్నాను. అవి కచేరీ దగ్గర కూర్చునే మున్షీ హిందీలో వ్రాసినవి. రెండవదానిలో "గరీబ్ పరవర్", అనగా పేదలను పోషించు ప్రభువా, అని ఆరుసార్లు ఉన్నదట గాని, పిల్ల చెవుల సంగతి ఒక్కసారి కూడా లేదట. కొత్తగా వచ్చిన తమరు మన విశాఖపట్నం వైపు వారని తెలిసి, ఈసారి నా చేతితోనే తెలుగులో వ్రాయుచున్నాను. తప్పులు క్షమించవలెను.

1. సదరు గంగాభవానికి రెండవ ఏట విషజ్వరము వచ్చి రెండు చెవులూ పోయినవి. చెవులు పోయినందున మాటయు రాలేదు. రైల్వే డాక్టరుగారి చీటి జతపరచడమైనది.

2. మా క్వార్టరు పెరటి తలుపు తీస్తే పది అడుగుల్లో పట్టాలు. పిలిస్తే వినపడని పిల్లను అక్కడ పెంచడం ఎలాగో తమరే ఊహించవలెను. యార్డులో ఇంజను మోతకు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అక్కడ డ్రైవరూ చెవిటివాడే, నేనూ చెవిటివాణ్ణే. అందరం చేతులతోనే పని గడుపుకుంటాం. చెయ్యి మెల్లగా పైకీ కిందికీ ఊపితే "నా నుంచి దూరంగా పో" అని అర్థం. ఒంటికి అడ్డంగా ఇటూ అటూ ఊపితే "నా వైపు రా" అని. రెండు చేతులూ పైకెత్తి నిలబెడితే "ఆగు" అని. నా బిడ్డకు అ ఆ లు ఇవే. ఈ మూడూ నేర్పినవాణ్ణి నేనే. వీటివల్లే ఈనాటికీ అది బతికి ఉంది.

3. జూలై ఆరో తేదీన బడిలో చేర్చడానికి తీసుకుపోయాను. పెద్దమాస్టరుగారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. నన్ను గేటు దగ్గరే నిలబడమని, పిల్లను ఒక్కదాన్నే పంపమన్నారు. అది మెట్లెక్కి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన దగ్గరకు రమ్మని, మనమంతా పిలిచినట్టే, అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఊపారు. అది ఒక అడుగు వెనక్కు వేసింది. ఆయన మళ్ళీ ఊపారు. మళ్ళీ వెనక్కు. ఆయనకు కోపం వచ్చి గట్టిగా ఊపేసరికి, మెట్లు కూడా వెనక్కే దిగి, ఎక్కడా తూలకుండా, గేటు దాకా నడిచి నా పొట్టకు వీపు ఆనించి ఆగింది. ఇంజనైనా అంత శుభ్రంగా వెనక్కు రాదు. పెద్దమాస్టరుగారు నాతో, "ఇస్కా దిమాగ్ కమ్‌జోర్ హై, లే జావ్," అని, బుర్ర లేదు తీసుకుపొమ్మని చెప్పి, రిజిస్టరులో పైమాట వ్రాసుకున్నారు.

4. జరిగిందేమిటో నాకు మొదటి అడుగుకే తెలిసిపోయింది. అయినా నోరు విప్పలేదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో పైవాళ్ళతో "మీరు పొరబడ్డారండీ" అన్న పాపాన పోలేదు. టోపీ చేత్తో పట్టుకుని "జీ సాబ్" అన్నాను. ఇంటికి వచ్చి చెబితే నా భార్య వరహాలమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "అది ఎనక్కి నడిసిందంటే మాటిన్నట్టే గదా. దానికి నోరు నేదు. మీకేటయింది?" అంది. ఈ పేరాకు అర్జీతో సంబంధం లేదు, వ్రాయకుండా ఉండలేకపోయాను.

5. నాగపూరులో మూగచెవిటి పిల్లలకు బడి ఒకటి ఉంది. అక్కడ పెదవులు చూసి మాట తెలుసుకోవడం, వ్రాయడం నేర్పుతారట. పదేళ్ళు నిండకూడదు, బుద్ధి సరిగా ఉన్నట్టు ఊళ్ళోని బడి పెద్దమాస్టరు సంతకం ఉండాలి అన్నారు. పెద్దమాస్టరుగారిని అడిగితే, రిజిస్టరెక్కిన మాటను ఇన్‌స్పెక్టరు హుకుం లేకుండా దిద్దనన్నారు. తమ ఆఫీసు గుమాస్తాగారు, బుద్ధి బాగుందని డాక్టరు కాగితం తెస్తేనే హుకుం అన్నారు. డాక్టరుగారు, చెవులు నేను చూశాను, బుద్ధి చూడవలసింది బడివాళ్ళు అన్నారు. బడికి వెళితే పెద్దమాస్టరుగారు నన్ను చూసి లోపలికి పోయారు. ఈ మూడు గుమ్మాల మధ్యే రెండు నెలలు తిరిగాను. పాయింట్లు మార్చడం నా ఉద్యోగం గాని, ఈ లైన్లలో ఒక్కటీ నా చేతికి అందడం లేదు. అక్టోబరు పదకొండుకు పిల్లకు పదేళ్ళు నిండుతాయి.

6. కనుక తమరు పిల్లను స్వయముగా ఒక్కసారి చూడవలెనని ప్రార్థన. పరీక్షలో నేను పక్కన నిలబడుటకు అనుమతి ఇప్పించవలెను. ఈసారి మాట్లాడతాను.

పై సంగతులు ఈ ఇరవై నాలుగు దినములలోగా చిత్తగించవలెను. ఆ తరువాత చిత్తగించినను ఫలము లేదు.

తమ విధేయుడు,
మజ్జి పరదేశి,
పాయింట్సుమన్.

తా.క.: అయ్యా, తమరు అడగవచ్చు, మామూలు మనుషుల చెయ్యి నేర్పరాదా అని. నేర్పాం. వరహాలమ్మ ఆరు రోజులు బెల్లంముక్క చూపించి, చెయ్యి పైకీ కిందికీ ఊపితే దగ్గరకు రావాలని అలవాటు చేసింది. పిల్ల చురుకైనది, పట్టేసింది. మొన్న మధ్యాహ్నం గూడ్సు బళ్ళు నిలిపే సైడింగు లైను పక్కన బొగ్గు ఏరుతోంది (బొగ్గు ఏరడం నేరమని తెలుసును, ఆ మాట తమరు చూడనట్టు విడిచిపెట్టవలెను). గూడ్సు బళ్ళు వెనక్కు వస్తున్నాయి. లైనుకు అవతల ఉన్న నా తోటి పాయింట్సుమన్ సూరిబాబు దూరంగా పొమ్మని చెయ్యి ఊపాడు. అది నవ్వుకుంటూ, బెల్లానికి చెయ్యి చాపి, వాడి వైపు పట్టాలకేసి నడిచింది. వాడు రెండు చేతులూ ఎత్తాడు. ఆగింది. బండి మూరెడు దూరంలో పోయింది.

ఆ రోజే మానిపించాం. పాత చెయ్యే మళ్ళీ నేర్పుతున్నాను. బడికి కావలసిన చెయ్యి నేర్పితే పిల్ల దక్కదు, యార్డు చెయ్యి నేర్పితే బడి దక్కదు. ఇప్పుడు ఏ చెయ్యి ఊపినా కదలకుండా ముందు నా మొహం చూస్తోంది.

తమరి ఎదుటకు తెచ్చినప్పుడు ఎలా పిలవాలో తోచకపోతే రెండు చేతులూ పైకెత్తండి. అది ఒక్కటి మరిచిపోలేదు. ఎంతసేపైనా నిలబడుతుంది.