మెహతాబ్ నికాకు సంతకం పెట్టొద్దు

సైఫుల్లా,

కువైట్ రుమైథియా నుంచి నీ తల్లి చెప్పి రాయిస్తున్న మాట. ఫోనులో మాట్లాడితే నేను మామా అని పిలిచే యజమానురాలు వింటుంది.

మామా టీవీలో రష్యా మహారాణి కథ చూస్తుంది. తనకు జడలు వేసే దొరబిడ్డ కోట విడిచి పోకూడదని ఆ రాణి ఆమెను ముసలి సేనాధిపతికి కట్టబెట్టింది. పిల్ల ఏడ్చి ఏడ్చి అక్కడే చచ్చింది. అది చూసి మామాకు ఏడుపు రాలేదు, నాతో పాటు ఇక్కడ పనిచేసే నీ కూతురు మెహతాబ్ ఇల్లు విడిచి పోకుండా ఉపాయం వచ్చింది.

"నీ మనవరాలిని మన డ్రైవరుకు చేద్దాం, ఇద్దరూ ఇక్కడే పడి ఉంటారు" అంది. వాడు నా ఈడువాడు.

"మెహతాబును అడిగినావా మామా?"

"దాన్ని అడిగేదేముంది? తండ్రి ఒప్పుకుంటే ఖలాస్."

తండ్రివి నువ్వే. కాగితం నీకొస్తుంది. సంతకం పెట్టినావా, నా జనాజా మోసే భాగ్యం నీ భుజానికి దొరకదు. అట్లయితే చచ్చినాక నన్ను ఇక్కడే పూడ్చమని చెప్పినాను.

నీ అమ్మ వేలిముద్ర