కర్రకు మిగిలిన ముడి

నాయనా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మిద్దె మీద టమోటా మొక్కలు వాలిపోతుంటే, మగ్గం దగ్గర నువ్వు నేర్పినట్టే గట్టిగా ముడులేసి కర్రలకు కట్టాను. వారం తిరిగేసరికి కాడలు లావెక్కాయి, దారాలు వాటిని ఒరుసుకుని గాట్లు పెట్టాయి.

అమ్మ మూలనున్న పాత కర్ర తెచ్చింది. "నిరుడు మీ నాయన కట్టిండేది చూడప్పా, ఎంత వదులుగా ఉండాదో."

మొక్క ఎప్పుడో ఎండి రాలిపోయింది. నీ ముడి మాత్రం ఉంది. అందులో వేలు పెడితే ఇంకా చోటు మిగిలింది.

మగ్గం మీద ముడి వదులైతే నా వేళ్ల మీద కొట్టినవాడివి. ఈ చోటు మొక్క పెరగడానికని వదిలావా? లేక అప్పటికే నీ చేతుల్లో సత్తువ పోయిందా?



కొత్త ముడులన్నీ నా వేలు లోపల పెట్టే వేశాను.