షెడ్డు గుమ్మం ఎందుకు పగలగొట్టించానంటే

చిన్నోడికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ బావ, పాప అందరం క్షేమం. తోటలో గడ్డి మాకంటే క్షేమం, నడుం దాకా వచ్చింది. నీ ఎడమ కాలి సంగతి నువ్వు రాసినదానికంటే మీ పట్నం ఆసుపత్రి నర్సమ్మ ఫోనులో చెప్పిందే ఎక్కువ. కర్ర పట్టుకుని మెట్లెక్కుతున్నావట కదా? మాకు మాత్రం "పర్వాలేదు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటావు. సరే. ఈ కవరులో చేతికి గట్టిగా తగిలేది ఒకటుంది. ఉత్తరం చివరిదాకా చదివాకే దాన్ని తియ్యి.

ట్రాక్టరు నిజంగానే కొన్నావా అని అడిగావు. కొన్నాను. కొనేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పాత బండి నిన్ను కింద వేసుకుని పడ్డాక పాత ఇనప సామాను కింద పోయింది కదా, ఈ ఆరు నెలలూ కొడవళ్ళతోనే కోయించాను. కింది వరస పూర్తయ్యేసరికి పై వరస మళ్ళీ మొలిచి కూర్చుంటోంది. ఎండలు ముదిరి ఇదంతా ఎండిందా, ఒక్క నిప్పురవ్వ చాలు, నాన్న పెట్టిన చెట్లన్నీ బూడిదే. మేకల్ని తోలమని మీ బావ సలహా. మేకలు గడ్డి తిని మొక్కల్ని వదిలేస్తాయా? వాటికి ఆయన చెప్తాడా?

మొదటి షాపులో అబ్బాయిగారు నన్ను చూసి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. "సార్ రాలేదా మేడమ్?"

సార్ వచ్చాడు. అప్పటికే ఒక కొత్త బండి ఎక్కి సీటు మీద పైకీ కిందకీ ఊగుతున్నాడు.

"ఇది ఎంత వాలు మీద నిలబడుతుంది?" అని అడిగాను.

"ఇరవై ఆరు హార్స్‌పవర్ మేడమ్."

"పవర్ కాదయ్యా. పక్కకి పడుతుందా, పడదా?"

"కొండల్ని పిండి చేస్తుంది మేడమ్!"

ఒళ్ళు మండిపోయింది. "నాకు పిండి అక్కర్లేదు, కొండ మీద గడ్డి కోస్తే చాలు" అని బయటికొచ్చేశాను. మీ బావ వెనకాలే వచ్చి, సీటు మాత్రం మెత్తగా ఉందన్నాడు. రెండో షాపువాడు ఇంకా ఘనుడు. పెద్ద చక్రాలది, మనిషెత్తుది చూపించి, ఎత్తుగా ఉంటే దర్జాగా ఉంటుందన్నాడు. ఎత్తుగా ఉంటే తొందరగా తిరగబడుతుందని పాపకి కూడా తెలుసు. మూడో షాపువాడికి నా ప్రశ్నే అర్థం కాలేదు. గ్లాసు పెట్టుకునే చోటు చూపించాడు.

పంపు కింద వాలు ఎంతుంటుందని అడిగావు కదా. పాప జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీశాం. దానికి దారం కట్టి, దారం కొసకి ఒక నట్టు వేలాడదీసి, చెక్క మీద ఆనించి వరస వరసా కొలిచాం. పైన పన్నెండు డిగ్రీలు. పంపు కింద పద్దెనిమిది. గోడ దగ్గర ఇరవై రెండు! పాత బండి పుస్తకంలో పదిహేను దాటి వెళ్ళొద్దని ఉంది. ఆ పుస్తకం ఎక్కడుందో తెలుసా? నాన్న టేబులు కాలు ఎత్తు తక్కువైందని దాని కింద పెట్టాడు. ఇన్నేళ్ళూ మనం "కాస్త ఏటవాలు" అనుకుంటూ దాని మీద తిరిగాం. గోడ దగ్గర ముక్కలో ఇక బండి దిగదు, అక్కడ చేత్తో పట్టుకుని కోసే మిషనే. దాని మీద వాదన వద్దు.

నాలుగో షాపులో వెనకాల ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ అంతా విని, "కోణమానిని ఏదమ్మా, చూడనీ" అన్నాడు. అప్పుడే అనుకున్నాను, బండి ఇక్కడే కొంటానని. ఆయన చూపించింది పొట్టిది, వెడల్పుగా కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టుంటుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి. కోత మిషను వెనక వేలాడదు, పొట్ట కిందే ఉంటుంది. వెనక టైర్లలో ముప్పావు వంతు నీళ్ళు నింపి ఇస్తానన్నాడు, బరువు కిందకి దిగి నేలని పట్టుకుంటుందట. కుడి కాలితో నొక్కితే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. క్లచ్ లేదు. ఎడమ కాలికి అసలు పనే లేదు. చదివావా? మళ్ళీ చదువు.

అంతా కుదిరాక తగాదా ఒక్క దాని దగ్గర వచ్చింది. సీటు వెనక ఇనప కమాను ఉంటుంది కదా, బండి తిరగబడితే మనిషి మీద పడకుండా కాచేది. మన పాతదానికిలాగే దీనికీ మడిచే కమానే వస్తుందన్నారు. మడవనిది కావాలన్నాను. అది తెప్పించాలి, నెలన్నర పడుతుందన్నారు. పట్టనీ అన్నాను. మీ బావ అక్కడే నెత్తి బాదుకున్నాడు. "మడవకపోతే మన షెడ్డులో పట్టదే! నీకేమైనా పిచ్చా?" అన్నాడు. షెడ్డు గుమ్మం పైభాగం కొట్టిస్తానన్నాను. తాపీమేస్త్రి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "గుమ్మానికి పట్టే బండి కొంటారు గానీ, బండి కోసం గుమ్మం కొడతారా అమ్మా?" అన్నాడు. కొట్టరా కొట్టు అన్నాను. రెండు రోజులు దుమ్ము. మీ బావ ఇంకా నాతో ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు.

మీ బావ ఫోనులో చెప్పినట్టున్నాడు, నువ్వూ అదే అడిగావు, "గుమ్మం ఎందుకు పగలగొట్టించావక్కా, మడిచేది కొంటే సరిపోయేదిగా" అని. దానికి జవాబు రాసేముందు నీ ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాల గురించి తిట్టాలి. మలుపు దగ్గర తొందరపడ్డానని, తప్పంతా నీదేనని, నీ చేతి మీద నీకే నమ్మకం పోయిందని, ఇక ఏ బండీ ఎక్కనని, అక్కడే ఏదో ఆఫీసులో కాగితాల పని చూసుకుంటానని రాశావు. కాగితాల పనా! నీ అక్షరాలు నాకే సగం అర్థం కావు. అది చదివి మూడు రోజులు అందరి మీదా అరిచాను. పాప బడి నుంచి వచ్చి, "అమ్మా, ఇవాళ ఎవరి మీద?" అని అడిగి మరీ లోపలికి వచ్చింది. కోపం వాళ్ళ మీద కాదు, నీ మీద కూడా కాదు.

ఆ రోజు పొద్దున నువ్వు టోపీ పెట్టుకుంటూ బండి ఎక్కబోయావు. షెడ్డులోంచి బండి తీసింది నేను, మడిచిన కమాను లేపింది నేను. లేపాక అది మళ్ళీ మడతపడకుండా రెండు పక్కలా పిన్ను గుచ్చాలి. నువ్వు అడిగావు, "అక్కా, పిన్నులు పెట్టావా?" అని. నేను నీ కేరేజీ మూత బిగిస్తూ, "ఆఁ, పెట్టాను" అన్నాను.

ఒక్కటే పెట్టాను. కుడి పక్కది. ఎడమ పక్క పిన్ను తోట గేటుకి ఉంది. ముందురోజు గేటు గొళ్ళెంలో పుల్ల ఎక్కడో పడిపోయి, పక్కవాళ్ళ ఆవులు దూరుతున్నాయని, ఈ పూటకి ఇది చాలులే అని నేనే దాన్ని తీసి అక్కడ గుచ్చాను. మర్చిపోయానని రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను, అదిగో పైన మరక. మర్చిపోలేదు రా. గుర్తుంది. గేటు దాకా నడవడానికి బద్ధకించాను. నువ్వు పడితే కదా పిన్నుతో పని అనుకున్నాను.

మలుపు దగ్గర చక్రం గోతిలో దిగడం నీ తొందర వల్లో, ఆ గొయ్యి వల్లో నాకు తెలియదు. కానీ నువ్వు బెల్టు పెట్టుకున్నావు, స్టీరింగు వదల్లేదు, చెయ్యాల్సిందంతా చేశావు. బండి ఎడమ పక్కకి పడింది. కమాను నిలబడి ఉంటే నీ మీదకి వచ్చేది కాదు. కుడి పక్కన తెగిన పిన్ను ముక్క చూసి, రెండోది కూడా తెగి ఎక్కడో పడుంటుంది అన్నారు బండి లేపినవాళ్ళు. నేను తల ఊపాను. ఆసుపత్రిలో నువ్వు కళ్ళు తెరిచి, "నా తొందరే అక్కా" అన్నావు. నీ నుదురు తుడుస్తూ, మాట్లాడకు, అలసిపోతావు అన్నాను. కాదు రా అని ఒక్క మాట అనలేకపోయాను. ఆ మాట ఆరు నెలలు నువ్వు మోశావు. మోస్తుంటే చూశాను.

ఫోనులో చెప్పొచ్చు. చెప్తే మధ్యలో అడ్డొచ్చి "పోనీలే అక్కా" అంటావని భయం. ఆ మాట నాకొద్దు. తిట్టాలంటే తిట్టు, మాట్లాడటం మానేస్తే మానెయ్యి, ఏడుస్తాను గానీ అడగను. మీ బావకి నిన్న చెప్పాను. లేచి వెళ్ళి గుమ్మం దగ్గర మిగిలిన ఇటుకలు ఏరి పక్కన పేర్చాడు.

బండి వచ్చే నెల మొదటివారంలో వస్తుంది. దాన్ని నేను నడపను. నువ్వు వచ్చి నడిపేదాకా కొత్త గుమ్మంలో అలా నిలబడి ఉంటుంది. ఆ లోపు గడ్డి నెత్తి దాకా పెరిగినా కొడవళ్ళతోనే కోయిస్తాను.

ఇప్పుడు కవరులో ఉన్నది తియ్యి. తెగిపోయిందనుకున్న పిన్ను అదే. రోజూ గేటు తీస్తూ, వేస్తూ ముట్టుకున్నాను, ఇవాళే ఊడదీసి గేటుకి తాడు కట్టాను. వెలుతురులో పెట్టి తిప్పి చూడు. వంగలేదు, ఒక్క గీత కూడా పడలేదు.

ఇట్లు,
తలెత్తకుండా "ఆఁ, పెట్టాను" అన్న
మీ అక్క