ఖాళీ సీసాలు ఏవి, గ్లెబ్?

తమ్ముడూ, నువ్వు దోపిడీదారుడివి. పదేళ్లుగా చలికాలమంతా అమ్మ చేసిన జామ్‌తో టీ తాగుతున్నావు, ఒక్క ఖాళీ సీసా తిరిగి తెచ్చింది లేదు. పైగా ఫ్యాక్టరీ మీటింగుల్లో సమానత్వం మీద ఉపన్యాసాలిస్తావు. ఇక్కడ తోట ఇంట్లో అమ్మా నేనూ కులాసా. సీసాలు చాలక మొన్న రాస్‌బెర్రీ జామ్‌ను దోసకాయలు ఊరబెట్టిన సీసాలో పోశాం. ఎంత కడిగినా వెల్లుల్లి వాసన వదల్లేదు. నేను నిన్ను తిడుతుంటే అమ్మ చెంచా నాకి, "ఊరుకోవే రిమ్మా, బాగానే ఉంది. వాడికి ఇదే పంపుదాం, వాసన చూసైనా బుద్ధొస్తుంది" అంది. పడీపడీ నవ్వుకున్నాం. చిన్న ద్రాక్షల్లా గుత్తులుగా కాసే కరెంట్ పండ్లు ఇంకా కొమ్మల మీదే ఉన్నాయి, ఈ వారం దాటితే రాలిపోతాయి. అమ్మ నడుం వంగడం లేదు. అక్కగా నా డిమాండ్లు ఇవి:

శనివారం తొలి రైలుకు రావాలి.
సీసాలన్నీ మూతలతో సహా తేవాలి.
చక్కెర ఐదు కిలోలు.
పండ్లు నువ్వే కోయాలి.
జామ్ ఉడికేటప్పుడు పైనుంచి తీసి చిన్నప్పటి నుంచీ నీకే పెట్టిన తియ్యటి నురగ ఈసారి అమ్మ తినాలి.