సంతకం చేసిన చివరి లెటర్‌హెడ్

సార్,

అసెంబ్లీలో మీరు పట్టుబట్టి సాధించిన కారం ఫ్యాక్టరీని ఈరోజు జగ్గయ్యపేట దగ్గర తెరిచారు. శిలాఫలకం మీద మీ పేరు కోసం వెతికాను. లేదు.

గేటు దగ్గర పెనుగంచిప్రోలు అమ్మాయి ఒకామె పలకరించింది. "మీరు పాత ఎమ్మెల్యే గారి పీఏ కదండీ? నాకిక్కడ ఉద్యోగం వచ్చిందండీ. ఎవరి సిఫార్సూ అడగలేదు."

మీరు హైదరాబాద్ బయల్దేరే ముందు సిఫార్సు ఉత్తరాల కోసం ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకాలు పెట్టి నాకిచ్చేవారు. "ఇవి ఎవరికీ అక్కర్లేని రోజు రావాలయ్యా" అనేవారు.

మీరు కన్నుమూసేనాటికి వాటిలో ఒకటి మిగిలింది. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. ఇప్పుడు దాని మీదే మీకు రాస్తున్నాను.

కాగితం అడుగుకు వచ్చేశాను. ఇక్కడ మీ సంతకం ఉంది. నా పేరు రాయడానికి చోటు లేదు.