బతికినంత కాలం వేసుకోవలసిన మాత్రలు

పుంగనూరు,
13 ఫిబ్రవరి 2005.

ప్రియమైన కమలకు,

ఆపరేషన్ జరిగి నిన్నటికి ఆరు నెలలు. మా ఆయన నన్ను తన సైకిల్ షాపు పక్కనున్న ఎరువుల కొట్టుకు తీసుకెళ్ళి మూటలు తూచే కాటా మీద నిలబెట్టాడు. నూట ఇరవై రెండు కిలోల మనిషిని తొంభై ఒకటికి వచ్చాను. కొట్టాయన మునెయ్య రెండుసార్లు చూసి, "కాటా చెడిపోయిండాదేమో" అన్నాడు. అందరం నవ్వాం.

నలభై ఏళ్ళకే మోకాళ్ళు పట్టేసి, షుగరొచ్చి, మిషను ముందు అరగంట కూర్చోలేని దాన్ని. ఇప్పుడు రోజుకు ఆరు జాకెట్లు కుడుతున్నాను. షుగరు మాత్రలు మాన్పించేశారు. నువ్వు మొదట ఈ ఆపరేషన్ మాటెత్తినప్పుడు, "తిండి తగ్గేదానికి ఎవురన్నా కడుపు కోయించుకుంటారా?" అని నిన్ను తిట్టాను. నర్సువి కాబట్టి ఓర్చుకున్నావు. బెంగళూరులో నా మంచం పక్కన వారం రోజులు కూర్చున్నదీ నువ్వే.

తిండి మాత్రం కష్టంగానే ఉంది. ఒక ఇడ్లీకి ఇరవై నిమిషాలు పడుతుంది. తొందరపడి మింగితే రొమ్ములో రాయి అడ్డం పడినట్టుంటుంది. మొన్న ఒక పెళ్ళిలో మొహమాటానికి గులాబ్‌జామ్ తింటే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, ఆ ఇంట్లోనే పడుకుండిపోయాను. మా ఆడబిడ్డ, "ఇంత బతుకూ దేనికి, నోటికి రుచి లేకుండా?" అంది. మేడ మెట్లెక్కి బట్టలు ఆరేసి వచ్చాను. అదే జవాబు.

నీ మెహరూ (మెహరున్నీసా అని నన్ను పిలిచేవాళ్ళు ఎవరున్నారు!)

*

కుప్పం,
2 మార్చి 2005.

మెహరూ, నా బంగారూ,

నీ ఉత్తరం శాంతిపురం వెళ్ళే బస్సులో చదువుకున్నాను. పక్కనావిడ, "ఏమ్మా, అంత నగుతాండావు?" అని అడిగింది కూడా.

సంతోషంలో ఒక్క మాట మరిచిపోకు. ఆ రోజు డాక్టరు ఏమన్నాడు? "ఆపరేషన్ రెండు గంటల పని. తర్వాతిదంతా మీ పని, బతికినంత కాలం." నీ కడుపు చిన్నది చేసి పేగును మళ్ళించి కలిపారు కాబట్టి తిన్నదాంట్లో సత్తువ నీ ఒంటికి పూర్తిగా పట్టదు. ఇనుము, కాల్షియం, విటమిన్లు మాత్రల రూపంలో వెళ్ళాల్సిందే. ఏడాదికొకసారైనా రక్తపరీక్ష చేయించు. గుడ్డో పప్పో ముందు తిను, ఆ తర్వాతే అన్నం. రంజాన్ వస్తే డాక్టర్నడక్కుండా ఉపవాసం మొదలుపెట్టకు.

పోరుపెడుతున్నానని అనుకోకు. ఈ దారి చూపించింది నేను. నీకేమైనా అయితే ఈ చేతులతో ఇంకొకరికి సూది వెయ్యలేను.

నీ కమలాక్షి

*

పుంగనూరు,
24 జూన్ 2007.

కమలా,

ఇన్ని నెలలు రాయలేదని కోప్పడకు. ఫోన్లో మాట్లాడదామంటే ఇంట్లో చుట్టూ మనుషులు. శుభవార్త విను. మా అమ్మాయి సుమయ్యాకు సంబంధం కుదిరేట్టుంది. మదనపల్లెలో టొమాటో మార్కెట్ దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే అబ్బాయి, పేరు ఆసిఫ్. మాట నెమ్మది. వాళ్ళతో ఏడాదిన్నరగా రాకపోకలున్నాయి. పోయిన ఆదివారం వాళ్ళమ్మ జైతూన్ బీ నలుగురు ఆడవాళ్ళతో వచ్చింది. మేం మాట్లాడుకున్నది మా ఉర్దూలోనే అయినా నీకోసం తెలుగులో రాస్తున్నాను.

భోజనాల దగ్గర నా కంచం చూసి ఆమె, "ఏమ్మా, కోడిపిల్ల మాదిరి గింజలేరుకుంటాండావు, మా ముందర సిగ్గా?" అంది.

"పన్ను నొప్పి" అన్నాను.

ఇంట్లో అంతా క్షేమం. ఈమధ్య పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి, మిషను పెడలు తొక్కీ తొక్కీ అనుకుంటా. సూదిలో దారం సుమయ్యానే ఎక్కించి ఇస్తోంది. చూపు తగ్గుతోందేమో. వయసు రావద్దూ! మందులు సక్రమంగానే వాడుతున్నాను, నువ్వు పోలీసులా ఆరా తీయాల్సిన పని లేదు.

మీ వారినీ మీ అబ్బాయి భరత్‌నూ అడిగానని చెప్పు.

మెహరూ

*

కుప్పం,
3 జులై 2007.

మెహరూ,

సుమయ్యా సంగతి చదివి కళ్ళు చెమర్చాయి. మిగతాది చదివి అన్నం సయించలేదు.

నీ పాత ఉత్తరాన్ని, దీన్ని పక్కపక్కన పెట్టి చూశాను. మన బడిలో రాజేశ్వరమ్మ టీచరు బోర్డు మీద ఆదర్శంగా రాయించిన చేతిరాత నీది. ఇప్పుడు అక్షరాలు గీత దిగి జారిపోతున్నాయి. సున్నా చుట్టడం కూడా నీకు కష్టమయింది. ఇది చూపు కాదే, పిచ్చిదానా. కాళ్ళ తిమ్మిరి పెడలుది కాదు.

చివరిసారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించావు? ఉత్తరంలో జవాబు రాయొద్దు. ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను.

కమల

*

పుంగనూరు,
2 డిసెంబరు 2007.

నా ప్రాణమైన కమలకు,

పెళ్ళికి నువ్వొచ్చినప్పుడు ఆ సందడిలో చెప్పలేకపోయినవి ఇప్పుడు రాస్తున్నాను. చేయి కుదురుగానే నడుస్తోంది, చూడు.

మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం రిపోర్టు చూసి, "బి పన్నెండు ఇంత తక్కువుండే మనిషి ఈడిదాకా నడిచెట్లొచ్చింది? మందులు యాల నిలిపితివి?" అంది. నువ్వు మాత్రం ఆ మాట అడగలేదు. బస్సులో తిరిగొస్తూ నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు, అంతే. నువ్వు తిట్టి ఉంటే బాగుండేది.

మొదట బద్ధకమే. "బాగుండావు కదా, ఇంకా మాత్రలు యాల?" అని మా ఆయన అన్నాడు. ఒకరోజు మానితే ఏమీ కాలేదు. పది రోజులు మానినా ఏమీ కాలేదు. అంతలో ఆసిఫ్ వాళ్ళ రాకపోకలు మొదలయ్యాయి. వాళ్ళ బంధువొకావిడ మా అలమరలో మాత్రల డబ్బాలు చూసి, "ఎవురికమ్మా ఇన్ని మందులు? ఇంట్లో పెద్ద జబ్బేమన్నా ఉండాదా?" అంది. తల్లికి రోగమంటే బిడ్డకూ వస్తుందని సంబంధం వదులుకుంటారేమో అనుకున్నాను. ఆ సాయంత్రమే డబ్బాలన్నీ సంచిలో కట్టి పారేశాను. ఏడాదిన్నర పాటు నీకు అబద్ధం చెబుతూ వచ్చాను.

నువ్వు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళిన వారానికి నేనే జైతూన్ బీని పిలిపించాను. సంబంధం పోతే పోనీ అనుకున్నాను. ఆపరేషన్, మాత్రలు, వేళ్ళ తిమ్మిరి అన్నీ చెప్పాను. ఆమె చాయ్ ముట్టకుండా లేచి వెళ్ళిపోయింది. నాలుగు రోజులు కబురు లేదు. సుమయ్యా నాతో మాట్లాడలేదు. మా ఆయన షాపు తెరవలేదు. నేను ఆ నాలుగు రోజులూ మందులు మాత్రం మానలేదు, కమలా. అదొక్కటే నా చేతిలో ఉంది.

అయిదో రోజు ఆమె ఒక్కతే వచ్చింది. గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"నాకు కోపం ఆపరేషన్ దాచినావని కాదమ్మా. మాకు బయపడి మందు మానేస్తివే, దానికి. నీకేమన్నా అయ్యుంటే రేపు ఈ బిడ్డ మొగం నేనెట్ల సూసేది? మాయింట్లో అడుగు పెట్టేదానికి వాళ్ళమ్మ పానం పెట్టిందంటే, ఆ పిల్ల నన్ను అత్తా అని పిలస్తాదా?"

నేను ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. తర్వాత చాయ్ తాగింది.

ఈసారి రంజాన్ ఉపవాసాలు డాక్టరమ్మ వద్దంది. ఇంట్లో అందరూ ఉపవాసముంటే నేను మాత్రం వంటింట్లో తలుపు వేసుకుని గుడ్డు తినేదాన్ని. అది చాలా బాధనిపించింది. నెలకో సూది ఇక్కడి నర్సమ్మ వేస్తోంది. వేళ్ళకు స్పర్శ చాలావరకు తిరిగొచ్చింది. పాదాలకు రాలేదు. వస్తుందో లేదో తెలియదంది డాక్టరమ్మ. నడిచేటప్పుడు నేల దూరంగా ఉన్నట్టుంటుంది. చేతి కుట్టు పని పక్కింటి కమ్రూన్‌కు ఇచ్చేశాను, మిషను పని నాది. పోయింది పోయింది. ఉన్నదాన్ని కాపాడుకోవాలి.

నువ్వు ఆ దారి చూపించినందుకు బాధపడుతున్నావని నాకు తెలుసు. పడకు. ఆ దారి మంచిదే. మధ్యలో కూర్చుండిపోయింది నేను.

సుమయ్యా అత్తగారింట్లో కుదురుకుంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఫోన్ చేస్తుంది. ఎవరి కూతురైనా తల్లిని "తింటివా?" అని అడుగుతుంది. నా కూతురు మాత్రం, "అమ్మీ, ఏసుకుంటివా?" అంటుంది. ఆ వెనకనుంచి జైతూన్ బీ గొంతు వినబడుతుంది: "ఊరికే అడిగేది కాదు, ఇప్పుడే ఏసుకోమను. నీళ్ళు మింగే సప్పుడు ఇనిపించాలంట అని చెప్పు!"

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఇద్దరికీ వినబడేలా మింగుతున్నాను.

ఎప్పటికీ నీదే,
మెహరూ